గోడమీద నూనె మరక

మా ఊళ్ళో మా ఇంటి వసారా గోడమీద ఒక మరక ఉండేది. నేలమీంచి రెండున్నర అడుగుల ఎత్తులో, గుండ్రంగా, అన్నం పళ్ళెమంత. అది మా నాయన తలనూనె మరక. ఉప్పు కొఠార్ల నుంచి వచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, తలకి ఇంత నూనె రాసుకుని, ఆ గోడకి జారగిలబడి కూర్చునేవాడు. ఏళ్ళ తరబడి అదే చోటు.

ఏటా సంక్రాంతికి అమ్మ ఇంటికి సున్నం కొట్టించేది. పండగ మూడు రోజులూ గోడ మల్లెపువ్వులా ఉండేది. కనుమ వెళ్ళిన వారానికల్లా మరక మళ్ళీ బయటికొచ్చేది. అమ్మ ఊరుకునేది కాదు. వేడినీళ్ళు పోసి రుద్దింది. చాకిరేవు సోడా పెట్టి రుద్దింది. కొబ్బరిపీచుతో తోమింది. సున్నం ఊడొచ్చింది గానీ నూనె మాత్రం రాలేదు. ''మీ నాయన మొండితనం ఈ గోడకి కూడా అంటింది'' అనేది చివరికి విసుగొచ్చి.

సున్నాన్ని పట్టుకున్న నూనెని వదిలించే పనికి ఎక్కడో ఒకచోట జీతమిస్తారనీ, ఆ జీతంతోనే నేను మా చెల్లెలి పెళ్ళి చేస్తాననీ అప్పుడెవరైనా చెప్పుంటే పడీపడీ నవ్వేవాణ్ణి. కానీ అదే జరిగింది. పద్నాలుగేళ్ళపాటు నేను చేసిన ఉద్యోగం అదే.

* * *

మాది చినగంజాం దగ్గర పల్లె. అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. ఉప్పు పండించే కుటుంబం మాది. ''పండించడం'' అనే అంటారు మావైపు, వరిని అన్నట్టే.

బయటివాళ్ళకి ఉప్పంటే సముద్రపు నీళ్ళు ఎండబెడితే వచ్చేది, అంతే. నాయన దగ్గర అలా అంటే ఊరుకునేవాడు కాదు. నీళ్ళు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నడవాలి. నడిచేకొద్దీ చిక్కబడాలి. ఆ చిక్కదనాన్ని డిగ్రీల్లో కొలిచేందుకు నాయన దగ్గర ఒక గాజుగొట్టం ఉండేది. నీళ్ళలో వదిలితే నిటారుగా తేలేది. సముద్రపు నీళ్ళకి 3 డిగ్రీలు. 15 డిగ్రీల ప్రాంతంలో మడి అడుగున తెల్లటి పెచ్చు కట్టడం మొదలయ్యేది. అది తినే ఉప్పు కాదు, జిప్సం. 25 డిగ్రీలు దాటితే అసలు ఉప్పు దిగుతుంది. 29, 30 వచ్చేసరికి మిగిలిన నీళ్ళని బయటికి వదిలెయ్యాలి. ఆశపడి ఉంచామా, మెగ్నీషియం దిగి ఉప్పంతా చేదెక్కుతుంది.

''నీళ్ళల్లో ఒక్క ఉప్పే ఉంటదనుకుంటారు అందరూ. చాలా ఉప్పులుంటయ్ అబ్బాయ్. ఏది ఎప్పుడు దిగుద్దో తెలిసినోడే ఉప్పు పండించగలడు'' అనేవాడు.

నాకు ఆ మాటలు పట్టేవి కావు. ఎండలో మోకాళ్ళదాకా ఉప్పునీళ్ళలో నిలబడే బతుకు నాకొద్దనుకున్నాను. కాళ్ళు పగిలి, ఆ పగుళ్ళలో మళ్ళీ ఉప్పే దిగే బతుకు అది. కసిగా చదివాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. హైదరాబాదులో రెండు మూడు చోట్ల చిన్న ఉద్యోగాలు చేసి, 2006లో గల్ఫ్ వెళ్ళాను. చమురు సంస్థలకి రాళ్ళూ నీళ్ళూ పరీక్షించి పెట్టే ప్రయోగశాల అది. మొదటిరోజు నా చేతికిచ్చిన పనేమిటో తెలుసా? బకెట్ నీళ్ళలో లెక్క ప్రకారం ఉప్పులు కలపడం! ఆ రాత్రి ఫోన్లో చెబితే నాయన నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

* * *

చమురు బావి అంటే మనలో చాలామందికి భూమిలోపల ఒక చెరువు, దాన్నిండా నల్లటి నూనె, గొట్టం వేసి తోడుకోవడం అన్న ఊహ ఉంటుంది. అలాంటి చెరువులేమీ ఉండవు. ఉండేది రాయే. ఆ రాతిలో కంటికి కనిపించనంత సన్నటి రంధ్రాలుంటాయి. ఇటుక నీళ్ళని పీల్చుకున్నట్టు రాయి నూనెని దాచుకుని ఉంటుంది. మన కృష్ణా గోదావరి ప్రాంతంలో చాలాచోట్ల ఇది ఇసుకరాయి. కానీ ప్రపంచంలోని చమురులో సగానికి పైగా సున్నపురాయి, దాని జాతి రాళ్ళలో ఉందని అంచనా. గల్ఫ్ దేశాల పెద్ద పెద్ద చమురు క్షేత్రాల్లో చాలావరకు అవే. మన దేశానికి ఇన్నేళ్ళు అన్నం పెట్టిన ముంబై హై కూడా సున్నపురాయే. 1974లో కనిపెట్టారు, 1976లో చమురు తీయడం మొదలుపెట్టారు.

బావి తవ్విన కొత్తలో లోపలి ఒత్తిడికి నూనె దానంతటదే పైకొస్తుంది. కొన్నాళ్ళకి ఆ ఒత్తిడి తగ్గిపోతుంది. అప్పుడు పక్కన వేరే బావులు తవ్వి, వాటిలోంచి నీళ్ళు లోపలికి కొడతారు. ఆ నీళ్ళు నూనెని నెట్టుకుంటూ వెళ్ళి, తీసే బావివైపు చేరుస్తాయి. ముంబై హైలో 1984 నుంచి ఈ పని జరుగుతోంది. సముద్రం మధ్యలో ఉన్న క్షేత్రం కదా, నీళ్ళకేం కొదవ? సముద్రపు నీళ్ళే వడకట్టి, శుద్ధిచేసి పంపుతారు. ఇంతచేసినా ప్రపంచం మొత్తమ్మీద సగటున మూడోవంతు నూనే పైకొస్తుంది. మిగతాది రాతిలోనే ఉండిపోతుంది.

ఎందుకుండిపోతుంది? అందుకు కారణాలు చాలా ఉన్నాయి. రాతిలో పగుళ్ళుంటే నీళ్ళు సులువు దారి చూసుకుని పోతాయి, పక్కనున్న నూనె జోలికెళ్ళవు. సున్నపురాతితో ఇంకో చిక్కు కూడా ఉంది. అది మా వసారా గోడ చిక్కే.

ముడిచమురులో రకరకాల ఆమ్లాలుంటాయి. మన వంటనూనెల్లోని కొవ్వు ఆమ్లాలకి దూరపు చుట్టాలనుకోండి. సున్నపురాతిలో ఉండేది కాల్షియం. ఈ రెంటికీ విడదీయరాని స్నేహం. నమ్మకం కుదరకపోతే బోరునీళ్ళతో స్నానం చేసి చూడండి. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. బకెట్ అంచున తెల్లటి జిడ్డు పేరుకుంటుంది. నీళ్ళలోని కాల్షియం సబ్బులోని కొవ్వు ఆమ్లాన్ని పట్టేసుకుంది, అదీ సంగతి. లక్షల ఏళ్ళపాటు సున్నపురాతి గోడని అంటిపెట్టుకున్న చమురు కూడా అంతే. ఆ రాతికి నీళ్ళంటే ఇష్టం పోయి, నూనెంటే ఇష్టం పుడుతుంది. మీరెంత ఒత్తిడి పెట్టి నీళ్ళు కొట్టినా అవి రంధ్రం మధ్యలోంచి జారిపోతాయి. గోడనంటుకున్న నూనె గోడకే ఉంటుంది. అమ్మ కొబ్బరిపీచు గుర్తొచ్చేది నాకు.

* * *

అయితే సున్నపురాతి దగ్గర ఒక వింత జరిగింది. నార్వే దగ్గర ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ అనే క్షేత్రముంది. 1969లో కనిపెట్టారు, 1971లో ఉత్పత్తి మొదలైంది. అక్కడి రాయి అచ్చంగా మన బడిలో సుద్దముక్క లాంటిది. మొదట్లో అందులోంచి 17 శాతం చమురు వస్తే గొప్పే అనుకున్నారు. నూనె తీసేకొద్దీ ఆ సుద్దరాయి నలిగి సముద్రపు అడుగు కుంగడం మొదలైంది. 1984లో అది గమనించారు. 1987లో ఏకంగా సముద్రంలోని ఉక్కు వేదికల్ని 6 మీటర్లు పైకి లేపాల్సొచ్చింది! ఆ ఏడాదే పెద్దఎత్తున సముద్రపు నీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టారు. నూనె ఊహించినదానికన్నా ఎంతో బాగా వచ్చింది. ఇప్పుడక్కడి అంచనా 50 శాతం పైమాటే.

నూనెని ప్రేమించాల్సిన రాయి నీళ్ళని ఎందుకు రానిచ్చింది? నార్వేలోని స్టావెంజర్ విశ్వవిద్యాలయంలో టోర్ ఆస్టాడ్ అనే ప్రొఫెసరు, ఆయన శిష్యులు ఏళ్ళ తరబడి దీనిమీదే పనిచేశారు. వాళ్ళు తేల్చిందేమిటంటే, సముద్రపు నీళ్ళు ఉత్త నీళ్ళు కావు. అందులో సల్ఫేటుంది, కాల్షియముంది, మెగ్నీషియముంది. సల్ఫేటు వెళ్ళి రాతి గోడమీద కూర్చుంటుంది. అప్పుడు కాల్షియం గోడదాకా రాగలుగుతుంది. వచ్చి, అంటుకున్న నూనె ఆమ్లాన్ని తనవైపు లాక్కుంటుంది. రాయి బాగా వేడిగా ఉంటే మెగ్నీషియం కూడా చెయ్యి వేస్తుంది. మరి సోడియం క్లోరైడు, అంటే మనం తినే ఉప్పు ఏం చేస్తుంది? ఏమీ చెయ్యదు. పెళ్ళి గుమ్మంలో పనిలేకుండా నిలబడి వచ్చేవాళ్ళకి అడ్డం పడే మనుషులుంటారే, అలా గోడ దగ్గర గుంపుగా నిలబడుతుంది. దాన్ని తగ్గిస్తే మిగతావాటి పని సులువవుతుంది.

సౌదీ అరామ్‌కో పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. 2010, 2011 ప్రాంతంలో వాళ్ళు ప్రచురించిన ఫలితాలు మా ల్యాబులో అందరి బల్లలమీదా ఉండేవి. వాళ్ళ సున్నపురాయి ముక్కల్లోంచి మామూలు సముద్రపు నీళ్ళతో వచ్చినంత నూనె తీశారు. తర్వాత అదే నీళ్ళని రెండింతలు, పదింతలు, ఇరవై ఇంతలు పలచన చేసి వరసగా పంపారు. రాతిలో మొదట ఉన్న నూనెలో మరో 18 శాతం దాకా అదనంగా వచ్చింది. 2012లో నిజం బావుల దగ్గర చేసిన పరీక్షల్లో రాతి రంధ్రాల్లో మిగిలిపోయిన నూనె దాదాపు 7 శాతం పాయింట్లు తగ్గిందని చెప్పారు. ఖరీదైన మందులూ మాకులూ లేవు. ఉన్న నీళ్ళనే మార్చి వాడటం. ఇంకేం, అందరికీ ఆశ పుట్టింది. మాకూ పని వచ్చింది.

* * *

నేను చేసిన పరీక్ష చెబుతాను. భూమి లోపలినుంచి తెచ్చిన రాతిలోంచి అంగుళంన్నర మందం, మూడంగుళాల పొడవున్న ముక్క కోస్తాం. అప్పడాల కర్రలోంచి ముక్క కోసినట్టుంటుంది. దాన్ని శుభ్రంచేసి, మొదట భూగర్భంలోని ఉప్పునీళ్ళలాంటి నీళ్ళు పట్టిస్తాం. ఆ నీళ్ళు సముద్రం కంటే ఎన్నో రెట్లు చిక్కన. తర్వాత ముడిచమురు పట్టించి, వేడిలో వారాల తరబడి మగ్గబెడతాం. ఆవకాయ ఊరినట్టు నూనె రాతికి ఊరాలి. అప్పుడు ఉక్కు గొట్టంలో బిగించి, భూమిలో ఉన్నంత వేడీ ఒత్తిడీ పెట్టి, ఒకవైపునుంచి నీళ్ళు చుక్కచుక్కగా పంపుతాం. రెండోవైపు గీతలున్న గాజుగొట్టంలో నూనె ఎన్ని గీతలెక్కిందో చూస్తూ కూర్చోవాలి. రోజులు, వారాలు. నాయన గాజుగొట్టం ముందు కూర్చున్నట్టే.

2012లో మొదటి రాయి. సముద్రపు నీళ్ళు పంపినంతసేపు నూనె వచ్చింది, ఆగింది. రెండు రోజులు చూశాను, చుక్క లేదు. పదింతలు పలచన చేసిన నీళ్ళకి మార్చాను. మర్నాడు తెల్లవారుజామున వెళ్ళి చూద్దును కదా, గాజుగొట్టంలో కొత్త నూనె! తేనెరంగులో సన్నటి పొర. సాయంత్రానికి రెండు గీతలెక్కింది. మా ల్యాబు పెద్ద ఈజిప్టు మనిషి. ఎప్పుడూ మొహం చిట్లించుకునే ఉంటాడు. ఆరోజు నా భుజం తట్టి, అందరికీ ఖర్జూరాలు పంచాడు. నివేదిక రాశాను. పైవాళ్ళ దగ్గర నా పేరు వినపడింది. రెండేళ్ళ కాంట్రాక్టు పొడిగింపు కాగితం తయారవుతోందన్నారు. ఇంటి దగ్గర చెల్లెలికి సంబంధం కుదిరింది. కట్నం డబ్బులు నేను సర్దుతానని మాటిచ్చేశాను.

తర్వాత రెండో రాయి వచ్చింది. అదే క్షేత్రం, కొంతదూరంలో వేరే బావి. అదే నీళ్ళు, అదే వేడి, అదే నేను. సముద్రపు నీళ్ళతో వచ్చిన నూనె వచ్చింది. పలచటి నీళ్ళకి మార్చాను. ఒకరోజు, రెండ్రోజులు, వారం. ఒక్క గీత కదల్లేదు.

పంపు చూశాను. గొట్టాలు లీకేమోనని చూశాను. ఉప్పుల తూకం మళ్ళీ వేశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏం చేశానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ కాగితాలు సొరుగులో పెట్టి తాళం వేశాను. అడిగినవాళ్ళకి ''ఇంకా నడుస్తోంది'' అని చెప్పాను. మొదటిదీ రెండోదీ పక్కపక్కన పెడితే మొదటి ఫలితమే తప్పంటారేమో, చెయ్యి తెలియనివాడంటారేమో, ఆ కాంట్రాక్టు కాగితం ఆగిపోతుందేమో అన్న భయం. అలా పదహారు రోజులు. ఈలోపు నా మొదటి నివేదిక చూసి, ఆ రెండో బావి ప్రాంతంలో సముద్రపు నీళ్ళ ఉప్పు తగ్గించే యంత్రాలకి ధరలు కనుక్కుంటున్నారని తెలిసింది. మామూలు డబ్బా అది? నాకు తిండి సయించలేదు.

ఆ శుక్రవారం ఇంటికి ఫోన్ చేశాను.

''ఏందబ్బాయ్, గొంతు అట్టా ఉంది?'' అన్నాడు నాయన.

కాంట్రాక్టు సంగతీ సొరుగు సంగతీ చెప్పలేదు. ''రెండు రాళ్ళు నాయనా. ఒకే నీళ్ళు పెట్టాను. ఒకదాంట్లో పనిచేసింది, ఇంకోదాంట్లో చెయ్యలేదు'' అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. ''నీళ్ళొకటే సరే. రెండు మళ్ళ అడుగూ ఒకటేనా? అడుగు చూశావా?''

''అడుగేంటి నాయనా?''

''జిప్సం పెచ్చు కట్టిన మడిలో వాన నీళ్ళు నిలబడితే ఆ పెచ్చు కరుగుద్ది. ఆ నీళ్ళు నువ్వు పెట్టిన నీళ్ళు కాదు ఇంక. పెచ్చు లేని మడిలో వాననీళ్ళు వాననీళ్ళే. పైన ఏం పోశావని కాదురా, కింద ఏముందో చూసుకోవాల.''

ఫోన్ పెట్టేసి తిన్నగా ల్యాబుకి వెళ్ళాను. సెలవురోజు, ఎవరూ లేరు. మొదటి రాయి కోయగా మిగిలిన ముక్కని దీపం కింద పెట్టాను. బూడిదరంగు రాతిలో అక్కడక్కడా తెల్లటి మచ్చలు. ముందు కూడా చూశాను వాటిని, పట్టించుకోలేదు. అది అన్‌హైడ్రైట్. నీళ్ళు చేరని జిప్సమే అది, కాల్షియం సల్ఫేటు. రెండో రాతిలో ఒక్క మచ్చ లేదు. అప్పుడు మొదటి పరీక్షలో బయటికొచ్చిన నీళ్ళ సీసాలు ఫ్రిజ్‌లోంచి తీసి సల్ఫేటు కొలిచాను. లోపలికి పంపినదానికంటే బయటికొచ్చిన నీళ్ళలో సల్ఫేటు ఎక్కువ! పలచటి నీళ్ళు ఆ మచ్చల్ని కరిగించాయి. రాయి తనకు కావలసిన సల్ఫేటుని తనే ఇచ్చుకుంది. రెండో రాతిలో కరగడానికి ఏమీ లేదు. పైగా నేను నీళ్ళు పలచన చేసినప్పుడు అడ్డం నిలబడే ఉప్పుతోపాటు, పనిచేసే సల్ఫేటుని కూడా పదోవంతు చేసేశాను.

నాయన మాటే నిజం. నేను ఉప్పు తగ్గించాననుకున్నాను. ఏ ఉప్పు తగ్గించానో చూసుకోలేదు.

* * *

ఆదివారం ఉదయం రెండు పరీక్షల కాగితాలూ ల్యాబు పెద్ద బల్లమీద పెట్టాను. పదహారు రోజులు దాచానని కూడా చెప్పాను. ఆయన మొత్తం చదివాడు. ''ఈ ఫలితంలో తప్పులేదు. మొదటిదానికంటే ఇదే మనకెక్కువ నేర్పింది. తప్పల్లా ఈ పదహారు రోజులే'' అన్నాడు. రెండేళ్ళ పొడిగింపు ఆరు నెలలైంది. ఆ ఏడు బోనస్ రాలేదు. చెల్లెలి పెళ్ళికి నాయన చిట్టీ పాడి డబ్బు తెచ్చాడు. ఎందుకు సర్దలేకపోయానో ఆయనకి చెప్పాను. ''దాచినోడికి ఆరు నెల్లన్నా ఇచ్చారు, మంచోళ్ళే'' అన్నాడు.

మూడో పరీక్షకి రెండో బావి రాయే తీసుకున్నాం. ఈసారి నీళ్ళు పలచన చెయ్యలేదు, మార్చాం. సోడియం క్లోరైడు బాగా తగ్గించి, సల్ఫేటు ఉంచి, ఇంకాస్త చేర్చాం. ఎంత పడితే అంత చేర్చడానికీ లేదు. ఎక్కువైతే ఆ వేడిలో కాల్షియంతో కలిసి రాతిలోనే పెచ్చు కట్టి రంధ్రాలు మూసేస్తుంది. సల్ఫేటుని తిని కుళ్ళిన గుడ్డు వాసన విషవాయువు వదిలే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. అన్నీ లెక్కచూసుకుని పెట్టాం. నూనె వచ్చింది. మొదటి రాయంత కాదు. గాజుగొట్టంలో ఒక గీత. కానీ అది నమ్మదగిన గీత. ఆ యంత్రాల కొనుగోలు ఆపి, ముందు ఏ బావి చుట్టూ ఎలాంటి రాయుందో చూడమని మా నివేదికలో రాశాం.

అదే ఏడు, 2012లో, స్టావెంజర్ బృందం ఒక వ్యాసం ప్రచురించింది. సున్నపురాతిలో పలచటి నీళ్ళు పనిచెయ్యాలంటే అందులో అన్‌హైడ్రైట్ ఉండటం ముఖ్యమని దాని సారాంశం. పెద్దవాళ్ళు పద్ధతిగా పరిశోధించి చెప్పిన మాట అది. నేను మా నాయన చెబితే వెతుక్కున్నాను, అంతే తేడా. నీళ్ళు రాతిలో ఇంకేమేం చేస్తాయన్నదానిమీద శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది. అన్ని రాళ్ళకీ ఒకటే మందు లేదన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటున్నారు.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ''ఎండలు ఇలా మండిపోతుంటే ఇంకా నూనె తియ్యడమెందుకు నాన్నా?'' అని అడుగుతుంది. సరైన ప్రశ్నే. ఉన్న బావిలో మిగిలింది తీసుకుంటే కొత్తచోట సముద్రాన్ని తవ్వే పని కొంత తగ్గుతుందని చెబుతాను. కాల్చింది కాల్చినట్టే కదా అంటుంది. కాదనలేను. బస్సులు, ఎరువులు, గ్యాస్ బండ ఆగేదాకా ఎక్కడో ఒకచోట తియ్యాలి, తీసేది వృథా చెయ్యకుండా తియ్యాలి అనుకుని ఆ పని చేశాను. అంతకంటే గొప్ప సమాధానం నా దగ్గర లేదు.

* * *

2020లో తిరిగొచ్చేశాను. ఒంగోల్లో ఉంటున్నాం. అమ్మ లేదు. నాయనకి 84. మడులు ఎప్పుడో వేరేవాళ్ళకి ఇచ్చేశాం. ఊళ్ళో ఇంటికి రంగులేయిస్తే వసారా గోడమీద మరక ఆ రంగుల్లోంచి కూడా పైకొచ్చింది. ''గార చెక్కేసి కొత్తది పూస్తే తప్ప పోదండీ'' అన్నాడు మేస్త్రి. ఉండనీలే అన్నాను.

పోయిన ఏడు నాయనకి బీపీ ఎక్కువైంది. ఉప్పు తగ్గించమన్నారు డాక్టరుగారు. జీవితమంతా ఉప్పు పండించిన మనిషికి మజ్జిగలో ఉప్పు లేకుండా పోయింది. గ్లాసు చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చునేవాడు. నాకు మనసొప్పలేదు. బజార్లో సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ప్యాకెట్ కనబడితే తెచ్చేశాను. రుచికి రుచి, బీపీకి బీపీ. తెలివైన పని చేశాననుకున్నాను.

నాయన కళ్ళజోడు పెట్టుకుని ప్యాకెట్ అటూ ఇటూ తిప్పాడు. చిటికెడు నాలికమీద వేసుకున్నాడు.

''ఇది మన ఉప్పు కాదే. ఏం ఉప్పు ఇది?''

''వేరే రకం నాయనా. ఒంటికి మంచిది.''

''ఎవరి ఒంటికి?''

జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రక్తపరీక్ష చేయించి కాగితం చూశారు. కిడ్నీల పనితీరు కొంచెం తగ్గింది, ఇలాంటివాళ్ళకి పొటాషియం ఉప్పు వాడకూడదు, ఒంట్లో పేరుకుంటే గుండెకి ప్రమాదం, మామూలు ఉప్పే బాగా తగ్గించి వెయ్యండి అన్నారు. నయం, ముందే అడిగారు అని కూడా అన్నారు. నేను అడగలేదు, అడిగింది నాయన అని చెప్పలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇల్లు దగ్గరపడుతుండగా నాయన నావైపు తిరక్కుండానే అన్నాడు.

''ఈసారన్నా ముందు అడుగు చూడబ్బాయ్.''